ఇనుప గుండు పడే చోట కట్టిన వేదిక

నా ఉద్యోగంలో సగం కాలం కుర్చీలు వేయించడానికే పోయింది. పీఈటీ అంటే పిల్లలకు ఆటలు నేర్పే టీచర్ అని మీకు ట్రైనింగులో చెప్పి ఉంటారు. చేరిన మొదటి వారంలోనే అసలు సంగతి తెలుస్తుంది. ప్రేయర్‌లో పిల్లలను వరసల్లో నిలబెట్టాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర ఆపాలి. లెక్కల టీచర్ సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవాలి. పెద్దమనిషి ఎవరైనా బడికి వస్తే కుర్చీలు, షామియానా, మైకు, పూలదండలు అన్నీ మన నెత్తినే. ఇవన్నీ అయ్యాక ఇంకా పొద్దు మిగిలితే అప్పుడు ఆట.

మాదన్నపేట దగ్గర ఒక ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు పనిచేసి అక్కడే రిటైరయ్యాను. ఉండేది సైదాబాద్‌లో. ఈ మధ్య కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మేడం, షాట్‌పుట్ పద్మను మీరే తయారు చేసిండ్రట కదా. ఎట్ల చేసిండ్రో మాకు జర చెప్పుండ్రి" అని అడిగారు. టీ ఇచ్చి, అదీ ఇదీ మాట్లాడి పంపించేశాను. పద్మను తయారు చేయడంలో గొప్ప రహస్యమేమీ లేదు. పద్మకు సన్మానం చేసినవాళ్ల గురించి మాత్రం వాళ్లకు చెప్పి ఉండాల్సింది. నోటితో చెబితే తిట్లు వస్తాయని ఊరుకున్నాను. రాసేటప్పుడైతే కాస్త అదుపులో ఉంటాను కదా అని ఇప్పుడు కూర్చున్నాను.

నాలుగు గోడలు

మా బడి వెనక కొంచెం ఖాళీ జాగా ఉండేది. గ్రౌండ్ అని రికార్డుల్లో రాసుకునేవాళ్లం కానీ అందులో నిండుగా వంద మీటర్లు పరుగెత్తించే వీలు లేదు. ఒక పక్క నీళ్ల ట్యాంకు, ఒక పక్క బాత్రూములు, మిగతా రెండు పక్కలా ఎత్తైన ప్రహరీ గోడ. కొత్తగా వచ్చిన అధికారులు దాన్ని చూసి, "ఇక్కడేం ఆడిస్తారమ్మా, పిల్లలను స్టేడియానికి తీసుకెళ్లండి" అని సలహా ఇచ్చి పోయేవారు.

వాళ్లకు అర్థం కానిది ఆ గోడ. మా పిల్లల ఇళ్లలో ఆటకు అనుమతి ఆ గోడ దాకానే. ఇది ఒక మతం సంగతి అనుకుని తల పంకించేవాళ్లుంటారు, వాళ్లను నమ్మకండి. బర్రెలు పెట్టుకున్న యాదయ్య ఇంట్లో ఇదే మాట, ఆటో నడిపే ఖాదర్ ఇంట్లో ఇదే మాట, మా చర్చికి వచ్చే తాపీ మేస్త్రి ఇంట్లోనూ ఇదే మాట. గోడ లోపల పిల్ల చున్నీ నడుముకు బిగించుకోవచ్చు, ప్యాంటు వేసుకోవచ్చు, గొంతు చించుకుని అరవచ్చు. గేటు దాటితే గల్లీలో ప్రతి కిటికీకీ జవాబు చెప్పాలి.

అందుకని ఆ జాగాలో ఇమిడే ఆటనే పట్టుకున్నాను. షాట్‌పుట్‌కు పెద్ద మైదానం అక్కర్లేదు. నిలబడి విసరడానికి ఒక గుండ్రటి గచ్చు, ఇనుప గుండు వచ్చి పడడానికి మెత్తటి మన్ను ఉంటే చాలు. ట్యాంకు దగ్గర గచ్చు పోయించాను. గోడ దాకా ఉన్న గట్టి నేలను ప్రతి వేసవి తర్వాత పిల్లలే పారలతో తవ్వి, రాళ్లు ఏరి, నీళ్లు కొట్టేవాళ్లు. చేతులు బొబ్బలెక్కేవి. అయినా ఒక్క తల్లి కూడా వచ్చి ఇదేంటని అడగలేదు, అంతా గోడ లోపలి సంగతి కాబట్టి.

పద్మ ఆ యాదయ్య కూతురే. పొద్దున్నే రెండు చేతులా పాల క్యాన్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగి, తర్వాత బడికొచ్చేది. నా కంట పడింది మాత్రం ఒక మీటింగ్ రోజున. నలుగురు పిల్లలు కలిసి మోసే బెంచీని ఒక్కతే ఎత్తుకుని వస్తోంది. కుర్చీలు వేయించడం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

యాదయ్య దగ్గరికి వెళ్లాను. పాకలో బర్రెకు తౌడు కలుపుతున్నాడు.

"పిల్ల బయట తిరుగుడు మా ఇంట్ల నచ్చదు మేడం," అన్నాడు నా ముఖం చూడకుండానే.

"బయట కాదన్నా, బడిల్నే. గేటు నేనే మూస్త. ఆట అయినంక నేనే పంపిస్త."

"గేటు మూస్తనంటున్నరు గదా. అట్లయితే సరే."

పద్మకు నేను నేర్పింది కాస్త, ఆ మన్ను నేర్పింది ఎక్కువ. గుండు ఎక్కడ పడిందో ఆ గుంట చూసుకుని, రేపు దాన్ని దాటాలని ఇంటికి పోయేది. మొదటిసారి జిల్లా పోటీలకు వెళ్లాల్సి వచ్చినప్పుడు యాదయ్య తెల్లచొక్కా వేసుకుని తనే వెంట వచ్చాడు. రాష్ట్ర పోటీలకు వచ్చేసరికి తోటి పాలవాళ్లకు కూతురి విసురు గురించి చేతులు ఊపి చెప్పేవాడు. ఇళ్లల్లో మనసు మారడం అలాగే జరుగుతుంది. పిల్ల ముందు గోడ లోపల గెలవాలి, అప్పుడు తండ్రే గోడ బయటికి తీసుకెళ్తాడు. పద్మ జాతీయ పోటీల్లో పతకం తెచ్చుకుంది, ఆటల కోటాలో ఉద్యోగం తెచ్చుకుంది.

ఎవరూ పిలవకుండా వచ్చిన రోజు

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు ఒక శనివారం పద్మ బడికొచ్చింది. ఎవరూ పిలవలేదు. ట్రాక్ సూట్‌లో, చేతిలో అరటిపళ్ల సంచితో నేరుగా వెనకవైపు నడిచింది. అప్పుడు ఎనిమిదో తరగతి గేమ్స్ పీరియడ్ నడుస్తోంది.

"మేడం, ఒక్కసారి ఏస్త," అంది.

గుండును మెడ దగ్గర ఆనించుకుని, వంగి, ఒక్క ఊపున తిరిగి విసిరింది. అది మేం తవ్విన మన్ను దాటి గోడ వారకు పోయి పడింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి, నాకంటే నాకని గుండు కోసం లొల్లి పెట్టారు. పద్మ ఒక్కొక్కరి మోచేయి పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తూ అందరితో వేయించింది.

వాళ్లలో సమీనా అని ఒక పిల్ల ఉంది. జల్‌పల్లి నుంచి షేరింగ్ ఆటోలో వచ్చేది. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే పిల్ల. ఆమె వేసిన గుండు పెద్ద దూరమేం పోలేదు. అయినా పద్మ మళ్లీ వేయమంది, ఇంకోసారి వేయమంది.

"మేడం, ఈ పిల్ల చెయ్యి జూడుండ్రి. మస్తు తేజ్ ఉన్నది. బలం తర్వాతనన్న వస్తది, ఈ ఊపు, ఈ తేజ్ నేర్పితే రాదు."

"అక్కా, నీ అంత దూరం పడాల్నంటే ఎన్ని రోజులు పడ్తది?" అని సమీనా అడిగింది.

"రోజూ ఎయ్యి. నీకే ఎరుకైతది."

స్ఫూర్తి అనే మాట మా బడిలో చాలామంది మైకులో పలికారు. నేను కళ్లతో చూసింది మాత్రం ఆ శనివారం ఒక్కసారే. సోమవారం ప్రేయర్‌కు ముందే సమీనా వచ్చి ట్యాంకు దగ్గర నిలబడి ఉంది. ఆ తర్వాత రోజూ అంతే. ఏడాది తిరిగేసరికి పైతరగతి పిల్లలను దాటేసింది. గెలిచిన ఆడపిల్లను గౌరవించాలంటే అంతకన్నా మంచి పద్ధతి ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె చేతికి గుండు ఇచ్చి, చిన్నపిల్లలను చుట్టూ నిలబెట్టండి, చాలు.

క్రీడా హాస్టల్ సెలెక్షన్లకు సమీనాను పంపాలని నిర్ణయించుకున్నాను. ఆ ఏడాది కాకపోతే వయసు దాటిపోతుంది. ఇంట్లో మగ్గం పని చేసుకునే వాళ్లమ్మ జరీనా అడిగింది ఒక్కటే.

"మేడం, వహాఁ భీ దీవార్ హై క్యా?"

అక్కడ కూడా గోడ ఉందా అని. ఉందన్నాను. పెద్ద గోడ, గేటు దగ్గర ఆడ వార్డెన్ అన్నాను. ఆమె నవ్వి, సరేనని తలూపింది.

మెత్తటి మన్ను

పద్మ బడికి వచ్చిపోయిందని మా గల్లీ నాయకుడు శ్రీశైలానికి ఆలస్యంగా తెలిసింది. తనకు చెప్పకుండా వచ్చిందని నొచ్చుకున్నాడు. మహిళా దినోత్సవానికి ఘనంగా సన్మానం చేయాలని, ఆమె గుర్తుగా బడికి ఏదైనా ఇవ్వాలని హెచ్ఎం గదిలో కూర్చుని ప్రకటించాడు. నన్నూ పిలిపించారు.

"ఏం గావాల్నో చెప్పు మేడం. ఫికర్ చెయ్యకు, అడుగు."

"రెండు ట్రాక్టర్ల మంచి మన్ను కావాలన్నా. గచ్చు పగిలింది, అది మళ్ల పోపియ్యాలె. గుండు అవతల పడకుండ గోడ మీద ఒక తీగల జాలి కావాలె."

ఆయన నవ్వాడు. "మన్నేందమ్మా? మన్ను ఇస్తే ఏం కనబడ్తది? పది మందికి కనబడాలె గదా, మన ఆడబిడ్డ పేరు."

అప్పుడే నాకు అర్థం కావాల్సింది. మర్నాడు జోనల్ పోటీలకు పిల్లలను తీసుకుని వెళ్లాను. తిరిగి వచ్చేసరికి బడి వెనక కంకర కుప్ప, సిమెంట్ బస్తాలు. మా గుండ్రటి గచ్చు మీద ఇటుకలు పేర్చి ఉన్నాయి. మేం ఏళ్ల తరబడి తవ్వి మెత్తబరిచిన నేలలో పునాది గుంతలు. అంత స్థలంలో ఇక్కడే ఎందుకు తవ్వారని మేస్త్రిని అడిగాను.

"ఈడ మన్ను మెత్తగున్నదమ్మా. అల్కగ, కష్టం లేకుండ తెగింది," అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు.

హెచ్ఎం వసుంధర మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆమె చెడ్డ మనిషి కాదు. పదో తరగతి పిల్లలకు సాయంత్రం తన డబ్బుతో బిస్కెట్లు తెప్పించే మనిషి. కాకపోతే ఫోటోలో పడని పని పనే కాదని ఆమె నమ్మకం.

"మేడం, అది పిల్లలు గుండేసే జాగ."

"ఇంకో పక్కన వేయించండి."

"ఇంకో పక్క ట్యాంకు. ఆ పక్క బాత్రూములు. ఏడ ఏపియ్యాలె?"

"పద్మ పేరు మీదే కదా కడుతున్నరు. మీరే అడ్డం పడితే ఎట్ల? ఆ వేదికను చూసి ఎంతమంది ఆడపిల్లలు ఇన్‌స్పైర్ అయితరు, ఆలోచించండి."

"ఇన్‌స్పైర్ అయ్యి ఏడ ఏస్తరు మేడం?"

ఆమె ఫైలు తెరిచింది. మాట అయిపోయిందని అర్థం. పైఅధికారికి రాశాను, జవాబు రాలేదు. యాదయ్యను తీసుకుని శ్రీశైలం ఇంటికి కూడా వెళ్లాను. కూతురి పేరు చెక్కిన శిలాఫలకం నమూనా ఆయన యాదయ్య చేతిలో పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ యాదయ్య నన్ను మరచిపోయాడు. తండ్రి కదా, ఏమనగలను.

వేదిక లేచింది. దానికి "పద్మ కళావేదిక" అని పేరు పెట్టారు. ఆటల పిల్లకు కళావేదిక ఏమిటని ఒక్కరికీ తోచలేదు. వెనక గోడ మీద గుండు విసురుతున్న పద్మ బొమ్మ వేయించారు, అందులో ఆమె తప్పు కాలు ముందుకు వేసి ఉంది.

సన్మానం రోజు పిల్లలు ఎండలో కింద కూర్చున్నారు. పద్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. శాలువా మీద శాలువా కప్పారు. ముఖ్య అతిథిగా వచ్చిన ఒకావిడ, ఆడపిల్లలు గడప దాటి మైదానంలోకి రావాలని చాలాసేపు చెప్పింది. మైదానం మీదే నిలబడి చెప్పింది.

పద్మ నా వైపు వంగి మెల్లగా అడిగింది. "మేడం, మన గచ్చు ఏడున్నది?"

"నీ కుర్చీ కిందనే."

ఆ తర్వాత ఆమె తల ఎత్తలేదు. మైకు ఇచ్చినప్పుడు మాత్రం లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. పోయేటప్పుడు కారు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నేనేమన్న అంటే, నాలుగు పైసలు రాంగనే పొగరెక్కిందంటరు మేడం. మా బాపు ఈడనే బతకాలె," అంది. నిజమే. సన్మానం చేయించుకున్న మనిషికి నోరుండదు, దండతోపాటు అది కూడా పోతుంది.

సర్కిల్ దాటిన కాలు

సెలెక్షన్లకు ఇంకా కొన్ని నెలల టైముంది. సమీనాకు వేయడానికి చోటు లేదు. సాయంత్రం పెద్ద గ్రౌండ్‌కు నేనే తీసుకెళ్లి, నేనే ఇంట్లో దిగబెడతానని జల్‌పల్లి వెళ్లి జరీనాను బతిమాలాను. ఆమె మగ్గం మీద నుంచి సూది తీసి పక్కన పెట్టింది.

"ఆప్ పే భరోసా హై మేడం. మగర్ గ్రౌండ్ మే సబ్ దేఖ్తే. స్కూల్ కే అందర్ రహ్తా తో మై నక్కో బోల్తీ క్యా?"

నా మీద నమ్మకం ఉంది. గ్రౌండ్‌లో అందరూ చూస్తారు. బడి లోపలైతే తను వద్దంటుందా అని ఆమె ప్రశ్న. సమీనా తలుపు పక్కన నిలబడి, గుండు పట్టినట్టు కుడిచేతి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది.

వరండాలో గుడ్డలు చుట్టిన బంతితో వేయించాను. బరువు లేని బంతితో చెయ్యికి ఏమీ తెలియదు, పైగా లేని అలవాట్లు వస్తాయి. ఒక రోజు బడి అయ్యాక వేదిక ముందున్న కాస్త నేలలో గుండు వేయించాను. అది వేదిక మెట్టుకు తగిలి అంచు పెచ్చు లేచింది. ఆ మర్నాడే నాకు మెమో ఇచ్చారు. ప్రజల ఆస్తికి నష్టం కలిగించానట.

సెలెక్షన్లకు జరీనా తనే బిడ్డ వెంట వచ్చింది. ఎంత ఆశ లేకపోతే వస్తుంది చెప్పండి. సమీనా సర్కిల్‌లోకి దిగింది. చెయ్యిలో తేజ్ అలాగే ఉంది. కానీ నెలల తరబడి గచ్చు మీద నిలబడని పిల్లకు అంచు ఎక్కడుందో కాలికి తెలియలేదు. వేసిన ప్రతిసారీ పాదం గీత దాటి పడింది, ప్రతిసారీ ఫౌల్ అని ఎర్రజెండా లేచింది. చివరిసారి భయంతో అంచుకు దూరంగా నిలబడి వేస్తే గుండు దగ్గర్లోనే పడిపోయింది.

సెలెక్టర్‌గా వచ్చిన పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "టీచరమ్మా, పిల్ల చెయ్యి బంగారం. ప్రాక్టీస్ లేదు. మీ బడిల జాగ లేదా?"

"ఉండె సార్," అన్నాను. తిరిగి వస్తుంటే ఆటోలో జరీనా బిడ్డ పాదాలకంటిన గీతల సున్నాన్ని తన చున్నీ అంచుతో తుడిచింది.

నా వంతు

నేను రిటైరయ్యే ఏడాది, మహిళా దినోత్సవానికే, గురువుకు సన్మానం అని నాకూ పెట్టారు. వద్దంటే వినలేదు. నాకే కుర్చీ వేసి ఆ వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు చేతికి వచ్చాక దాచుకోలేదు.

"మీరందరు కూసున్నది, మేము నిలబడ్డది పిల్లల గ్రౌండ్. పద్మ ఈ మన్నుల్నే పెరిగింది. దాని పేరు మీదనే ఈ మన్నును కప్పేసినం. ఇది కట్టినంక ఈ బడి నుంచి ఒక్క పిల్ల గుండేసి గెలువలేదు. నాకు శాలువా వద్దు. దీన్ని పగలగొట్టుండ్రి, అదే నాకు సన్మానం," అన్నాను.

చప్పట్లు కొట్టారు. వేదిక మీద మాట్లాడితే చప్పట్లు కొట్టాలి కాబట్టి కొట్టారు. శ్రీశైలం మైకు తీసుకున్నాడు.

"మేడం బాధ నాకు సమజైంది. పిల్లలు ఎండల కూసుంటున్నరు. వచ్చే ఏటికి ఈ స్టేజికి, ముందటి జాగకు మొత్తం రేకుల షెడ్డు ఏపిస్త," అన్నాడు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పేది ఇంతే. గెలిచిన ఆడపిల్లను గౌరవిస్తామని ఎవరైనా బడికొస్తే, ఎక్కడ చేస్తారని ముందు అడగండి. గేటుకు అడ్డంగా నిలబడాల్సి వస్తే నిలబడండి. మెమో వస్తుంది, రానివ్వండి. శాలువా కప్పిన ప్రతివాడూ మీ ఆట వైపు ఉన్నాడని మాత్రం అనుకోకండి.

నా సన్మానం రోజు సభను నడిపించింది సమీనా. పదో తరగతికి వచ్చింది. నా పరిచయం, పద్మ పరిచయం, క్రీడల్లో మహిళల గొప్పతనం అన్నీ కాగితం చూడకుండా తెలుగులో, ఉర్దూలో గడగడా చెప్పింది. అంతా అయ్యాక వేదిక వెనక నా దగ్గరికి వచ్చింది.

"గుండు ఏమన్న ఏస్తున్నవా బిడ్డా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"లేదు మేడం. ఇప్పుడు హెచ్ఎం మేడం నాకు స్పీచ్ నేర్పిస్తున్నరు. అమ్మీ కూడ ఒప్పుకున్నది, పోటీ హాల్ల లోపల్నే ఉంటది గదా. వచ్చే వారం జిల్లా వక్తృత్వ పోటీలకు పోతున్న."

"దేని మీద మాట్లాడాల్నట?"

"క్రీడలు, ఆడపిల్లలు."

ఆ పిల్లకు మొదటి బహుమతి వచ్చింది. పద్మ కళావేదిక మీదే ఆమెకు సన్మానం చేస్తున్నామని, తప్పకుండా రావాలని నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లలేదు.